పిట్ట ముట్టలేదు

3 అక్టోబర్ 2011, సోమవారం

మా తమ్ముడికి ఇవాళ పిట్టకు పెట్టాము. పిట్ట ముట్టలేదు.

ఇంతే రాసి మూసేద్దామనుకున్నాను. మూస్తే ఇంట్లో వేరే పని లేదు. ఈ డైరీ ఎరువుల దుకాణం వాడు సంక్రాంతి ముందు ఇచ్చాడు. ఇన్నాళ్ళు గూట్లో పడి ఉంది. నాకు అక్షరాలు నేర్పింది తమ్ముడు బాలనర్సయ్యే. యాభై దాటినంక నేర్చాను. "అన్నా, రోజు నాలుగు ముక్కలు రాయి, లేకుంటె మర్సిపోతవ్" అనేవాడు. రాసింది చూసి తప్పులు దిద్దేవాడు. ఇక తప్పులుంటే ఉండనీ.

వాగు ఒడ్డున, శనివారం వాణ్ణి కాల్చిన చోటనే, మోదుగాకు విస్తరి వేశాము. అన్నం, కోడికూర, ఉడకబెట్టిన గుడ్డు. మా మరదలు శకుంతల గ్లాసులో చాయ్ పోసి పెట్టింది. వాడు చాయ్ మనిషి. మా ఊళ్ళో ఇది ఎప్పుడూ కష్టమైన పని కాదు. ఈ నాలుగైదేళ్ళలో ఎవరు పోయినా, విస్తరి పెట్టి వెనక్కి తిరిగే లోపల కాకి వాలేది. మీ ఊరి కాకులు మర్యాదస్తులు అని చుట్టాలు నవ్వేవారు.

ఇవాళ కాకులు వచ్చాయి. తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి. చూశాయి. దిగలేదు.

జనం చాలా ఉన్నారు. తెలంగాణ సమ్మెకు బస్సులు బంద్ కాబట్టి జనగామ నుంచి జీపుల్లో, ట్రాక్టర్లలో వచ్చారు. జెండాలు, డప్పులు, వాడి బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ. వాడు ఎప్పుడూ అంత పొడుగు లేడు. కాసేపు చెట్టు దిక్కు చూశారు. తర్వాత మాటలు మొదలయ్యాయి.

"సారుకు ఈటి మీద నమ్మకమే లేకపాయె. పిట్ట ఎట్ల ముడ్తది" అన్నాడొకడు.

"మిల్ట్రి మనిషి గద. మందు పెట్టిన్రా?"

"జన్మల తాగలే ఆయన."

"గందుకే రాలే. కాకులకు గూడ మిల్ట్రి మందే గావాలె."

నవ్వారు. నేను చూసేసరికి ఆపారు.

ముట్టకపోతే పోయినవాడు ఎవరి మీదనో అలిగాడని లెక్క. ఒక్కొక్కరు ముందుకు పోయి దండం పెట్టి, మనసులో ఏముందో తెలుసుకుని మాట ఇయ్యాలె. వాడి కొడుకు శ్రీపాల్ పోయాడు. "బాపూ, అమ్మను నా దగ్గరనే ఉంచుకుంట. ఫికర్ వెట్టుకోకు" అన్నాడు. దిగలేదు. శకుంతల పోయింది. ఏమన్నదో వినబడలేదు. దిగలేదు. జేఏసీ తరఫున రాజేశ్ అనే వకీలు పిల్లగాడు పోయాడు. తమ్ముడు ఆ కమిటీకి పెద్దమనిషి, ఈ పిల్లగాడు వాడి కుడిచెయ్యి. "సార్, తెలంగాణ తెస్తం. మీ మీద ఒట్టు" అన్నాడు. వెనక నుంచి అందరూ ఒక్కసారే జై తెలంగాణ అని అరిచారు. చెట్టు మీద ఉన్న కాకులు కూడా లేచిపోయాయి.

అప్పుడు అందరూ నా దిక్కు చూశారు. వినాయక చవితి నుంచి వాడికీ నాకూ మాటల్లేవని తెలియనివాడు ఊళ్ళో లేడు.

"లస్మయ్యా, నువ్వు గూడ ఒక మాట అనరాదు" అన్నాడు మా పాలివాళ్ళ ముసలాయన.

"నేనేం అనాలె?"

"ఏదో ఒకటి. అన్నవు నువ్వు."

"వానికి నేను ఏం బాకీ లేను."

పొద్దు వంగేదాకా చూసి, విస్తరి ఆవుకు పెట్టి వచ్చేశారు. దారి పొడుగునా ఆడవాళ్ళు నా వెనక గుసగుస.

నా మీద అలిగి పోయాడని ఊరంతా అనుకుంటున్నది. అనుకోనీ. వాడు అలిగే మనిషి కాదు. నాకు తెలుసు.

4 అక్టోబర్

సద్దుల బతుకమ్మ. మా రెండు వాకిళ్ళలో పేర్చలేదు.

6 అక్టోబర్, దసరా

జమ్మి పెట్టేవాడు లేడు.

వాడు ఎక్కడున్నా ఈ ఒక్క పూటకు వచ్చేవాడు. మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, పని చేసినన్నాళ్ళు రైల్లో వచ్చేవాడు. తర్వాత భూపాలపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. జమ్మి ఆకు నా చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కి, "అన్నా, బంగారం" అనేవాడు. రిటైరై నా పక్క ఇంట్లోకి వచ్చాక గోడ మీద నుంచే పిలిచేవాడు. వాడు రాని దసరాలు మిలిటరీలో ఉన్నప్పటివే. అప్పుడు ఉత్తరం వచ్చేది. పోస్టుమాన్ చదివేవాడు.

చవితినాడు జరిగింది రాస్తాను. ఊళ్ళో నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. నా దగ్గర ఉన్నది ఒక్క రకమే.

పొద్దున్నే వచ్చి గడపలో కూర్చున్నాడు.

"అన్నా, ఈ నెల సమ్మె సురువైతది. జనగామల టెంటు వేస్తున్నం. ఒక్క దినం వచ్చి కూసో. నువ్వు అరవై తొమ్మిది ఉద్యమం మనిషివి. నిన్ను చూస్తె పోరగాండ్లకు ధైర్యం."

"అరవై తొమ్మిదిల నువ్వు యాడున్నవ్?" అన్నాను.

"జబల్పూర్ల."

"పప్పు రొట్టె తింటున్నవ్. నేను జనగామ టేషన్ కాడ లాఠీ తింటున్న. ఈ చెయ్యి అప్పుడు ఇరిగిందే, ఇంకా సక్కగ లేవది. మా ముంగట జెండ పట్టినోళ్ళు ఏమైన్రు? కుర్చీలల్ల కూసున్నరు. వీళ్ళు గూడ అమ్ముకుంటరు. రాసి పెట్టుకో."

"అమ్ముకుంటె అమ్ముకోని. మనం కూసున్నమా లేదా అనేది మన లెక్క."

"మాస్టర్ మాటలు నాకు చెప్పకు. నేను రాను."

"ఒక్క దినమే అన్నా."

"నేను చచ్చినంక మోసుకపో."

లేచి పోయాడు. తిట్టలేదు. కోపంగా కూడా లేడు. చాయ్ మాత్రం తాగలేదు. గ్లాసు నిండా ఉంది. ఇదీ జరిగింది. నేనన్నదాంట్లో తప్పేముంది?

9 అక్టోబర్

రాజేశ్ వచ్చాడు. జనగామలో సంతాపసభ పెడుతున్నారట. సారు జీవితం గురించి చెప్పమన్నాడు, పాంప్లెట్ వేస్తారట.

చెప్పాను. మేమిద్దరం చిన్నగున్నప్పుడే బాపు పోయాడు. నేను నాగలి పట్టాను, వాణ్ణి బడికి పంపాను. పద్దెనిమిది నిండగానే మిలిటరీకి పోయాడు. సిగ్నల్స్. డెబ్బై ఒకటి యుద్ధంలో ఉన్నాడు. ఎడమ చెవి అక్కడే పోయింది. అక్కడే ఉండి పరీక్షలు రాశాడు. వచ్చి సైన్సు పంతులు అయ్యాడు.

"యుద్ధంల ఎంతమందిని కాల్చిండు పెద్దయ్యా?" అన్నాడు.

"తీగలు గుంజుడు వాని పని. బాంబులకు తెగిపోతె పోయి ముడేస్తుండె. తుపాకి పేల్చిన్నని ఎప్పుడు చెప్పలే."

"గట్ల రాస్తె బాగుండదు పెద్దయ్యా. యుద్ధవీరుడు అని రాస్తం."

"తెగిన తీగ కాడికి బాంబులల్ల పాక్కుంట పోవుడు నీకు తక్కువ కనబడ్డదా? నీ ఇష్టమొచ్చింది రాసేటట్టుంటె నన్నడగకు."

పిల్లగాడు మంచివాడే. తల దించుకున్నాడు. ఎట్ల పోయాడని నేనే అడిగాను. అప్పటిదాకా ఎవరినీ అడగలేదు. బడులు బంద్ ఉన్నాయని పదో తరగతి పిల్లలను టెంటుకే పిలిపించుకుని పాఠం చెప్పేవాడట. కొందరు ఒప్పుకోలేదట, సమ్మెలో బడేందని. "బడి బంద్ చేసినం గని బుర్ర బంద్ చెయ్యలే గద" అన్నాడట. ఆ పొద్దున పలక మీద భూతద్దం బొమ్మ గీసి, వెలుతురు ఎట్ల వంగుతుందో చెప్తూ, సుద్దముక్క కింద పడ్డదని వంగాడట. లేవలేదు. దవాఖానకు పోయేసరికి అయిపోయింది.

"జై తెలంగాణ అన్నడని పేపర్ల వచ్చింది" అన్నాను.

"గది మేము రాపిచ్చినం" అన్నాడు.

సభకు రమ్మన్నాడు. మోకాలు బాగాలేదన్నాను.

13 అక్టోబర్

పత్తి ఏరుడు మొదలు. కూలీలు నా ముందు మాట్లాడుకోరు. నేను అవతలి సాలుకు పోతే నవ్వుకుంటారు.

శకుంతలను శ్రీపాల్ తీసుకుపోయాడు. పక్క ఇంటికి తాళం.

18 అక్టోబర్

ఏమీ లేదు.

25 అక్టోబర్

సమ్మె అయిపోయిందట. బస్సులు ముందే నడుస్తున్నాయి, ఇక ఆఫీసులు కూడా తెరిచారు. తెలంగాణ రాలేదు. నేను చెప్పిందే అయింది.

ఆ మాట చెప్పడానికి గోడ దాకా పోయాను. పోయినంక గుర్తొచ్చింది.

29 అక్టోబర్, భూపాలపల్లి

ఊరికే వచ్చాను. శ్రీపాల్ బొగ్గుబాయి ఆఫీసులో పని చేస్తాడు. క్వార్టర్ చిన్నదే అయినా నల్లా ఉంది. వాడు లేచి కుర్చీ వేసి, "పెద్దబాపూ, మంచిగున్నవా" అని అడిగి డ్యూటీకి పోయాడు.

శకుంతల చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది.

"ఎందుకొచ్చినవో చెప్పు బావా. ఊకె రావు నువ్వు."

"ఊకెనే వచ్చిన."

"సరే."

నేనూ కొన్ని కాయలు తీసుకుని ఈనెలు తీశాను. కొంతసేపటికి అడిగాను, కాయల దిక్కే చూస్తూ. "వాడు నా గురించి ఏమన్న అన్నడా?"

"టెంటుల పండుకున్నన్ని దినాలు ఫోన్ల అడుగుతుండె. అన్న తిన్నడా, మోకాలు ఎట్లున్నది, వస్తనన్నడా అని."

"నువ్వేమన్నవ్?"

"రానన్నడని చెప్పిన. అబద్ధం చెప్పాల్నా?"

"తర్వాత?"

"ఆఖర్ల అడుగుడు బంద్ చేసిండు."

"కోపంతోనా?"

"నాకేమెరుక బావా. అడగలే, అంతే."

చిక్కుడుకాయలు అయిపోయాయి. చేతులకు పని లేకుండా పోయింది. పిట్ట ఎందుకు ముట్టలేదంటవ్ అని అడిగాను. ఆమె వింతగా చూసింది.

"గదే నాకు గూడ సమజైతలేదు. ఆయనకు కాకులంటె పానం. తెల్లారంగనే లేచి, మిగిలిన రొట్టె గుడ్డల కట్టుకొని వాగు దిక్కు పోతుండె. కుక్కలకేమో అనుకున్న. కాకులకు అన్నడు. ఎందుకంటె ఏందో సైన్సు చెప్పిండు, నాకు ఎక్కలే. రిటైర్ అయి వచ్చిన కాడి నుంచి గంతే. మానుకోటల వీరేందర్ అని ఆయన శిష్యుడున్నడు, ఇత్తనాల దుకాణం. ఇద్దరికి ఫోన్ల కాకుల ముచ్చటే. ఆయననడుగు."

అన్నం తిన్నాను. రుచి గుర్తు లేదు. వాడు రోజూ రొట్టె పెట్టిన కాకులు. వాణ్ణి ఎరిగిన కాకులు. అవే వాడి విస్తరి ముట్టలేదు. అంటే కోపం చిన్నది కాదు.

30 అక్టోబర్

రాత్రి బస్సు దిగేసరికి మోకాలు వాచింది.

నా మీదనే అని ఎందుకు అనుకోవాలి? రాజేశ్ మీద కావచ్చు. అబద్ధం రాయించినందుకు.

4 నవంబర్, మహబూబాబాద్

ఘనపురంలో ప్యాసింజర్ ఎక్కి పోయాను. వీరేందర్ దుకాణం మార్కెట్ దగ్గరే. ముప్పై అయిదు దాటిన మనిషి, పొట్ట వచ్చింది. ఫలానా అని చెప్పగానే బయటికి వచ్చి కాళ్ళకు మొక్కాడు. ఎరువుల బస్తా మీద కూర్చుంటానంటే ఒప్పుకోలేదు, తన కుర్చీ ఇచ్చాడు.

"కాకుల సంగతా" అని నవ్వాడు. చాయ్ తెప్పించాడు. ఇదంతా వాడు చెప్పిందే.

"నేను ఎనిమిదోల ఉన్నప్పుడు మా నాయిన పోయిండు పెద్దయ్యా. ఆ పొద్దున పొలం కాడికి తోడు రమ్మన్నడు. నేను ఇనకుంట బడికి పోయిన. పాము గరిచింది. మూడొద్దుల పిట్టకు పెడితె ముట్టలే. కొడుకు మీద అలిగిండన్నరు. నువ్వుంటె మోసుకొస్తువు, బతుకుతుండె అన్నరు. బడి బంద్ చేసిన. తిండి గూడ పోతలేదు. సారు సైకిలేసుకొని మా ఇంటికొచ్చిండు. కాకికేమెరుక, గిది మూఢనమ్మకం అని మా వోళ్ళకు పాఠం చెప్పబోయిండు. మా పెద్దబాపు లేచి, పంతులూ, సైకిల్ తీసుకొని నడువు అన్నడు."

"వాడేమన్నడు?"

"నడిచిండు. పోయేటప్పుడు నన్ను బైటికి పిలిచి, వీళ్ళ తలకాయలు మారాలంటె ఇరవై ఏండ్లు పడతది, నువ్వు ఇయ్యాలనే తినాలె అన్నడు. నాకేం సమజ్ కాలే. పదో దినం మల్ల పెట్టిన్రు. పెట్టిన్రో లేదో, కాకులు గుంపుగ వచ్చి పడ్డయి. మా పెద్దబాపు నన్ను పట్టుకొని ఏడ్చిండు. ఆ దినం నేను కడుపునిండ తిన్న పెద్దయ్యా."

"మంత్రం ఏసిండా?"

"రొట్టె ఏసిండు. ఆ నడుమ దినాలు తెల్లారకముందే వచ్చి ఆడ రొట్టె ముక్కలు ఏసి పోతుండెనట. కాకికి మనిషి మొఖం గుర్తుంటది, జాగ గుర్తుంటది, యాళ్ళ గుర్తుంటది. నాకు తొమ్మిదోల చెప్పిండు గీ సంగతి. నాకు పిచ్చి కోపమొచ్చింది. మోసం చేసినవ్ సార్ అన్న."

"ఏమన్నడు?"

"అవును, చేసిన అన్నడు. నవ్వలే."

ఆ తర్వాత సైన్సు పిల్లలందరికీ కాకి డ్యూటీ పెట్టాడట. ఎన్నిరోజులకు దగ్గరికొస్తాయి, ఎంతదూరం జరిగితే దిగుతాయి, చప్పుడైతే ఏం చేస్తాయి, అన్నీ చూడమనేవాడట. బదిలీ అయి భూపాలపల్లి పోయినా అక్కడి కాష్ఠాల గడ్డ మీద అదే పని. మా ఊళ్ళోనూ అదే పని. మా ఊరి కాకుల మర్యాద ఎక్కడిదో నాకు ఇవాళ తెలిసింది.

"మరి వానికెందుకు రాలే?" అన్నాను.

"సారు రొట్టె వేసుడు ఎప్పటి సంది బంద్?"

"సమ్మె సురువైన సంది టెంటులనే పండుకున్నడు."

"గదే మరి. కాకులకు ఆ జాగల తిండి ఉన్నదని ఆశ పోయింది. మీదికెల్లి మంది, డప్పులు, జెండలు. ఏ కాకి దిగుతది? సారుంటె, ముందు మీరంత దూరం పోండ్రని అందర్ని ఎల్లగొడుతుండె."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. "అయితె కాకి రాకపోవుడుకు అర్థం ఏం లేదు."

"ఏం లేదు పెద్దయ్యా. మీరు మనసుల పెట్టుకోకుండ్రి."

"అర్థం లేదంటె, వానికి నా మీద కోపం ఉన్నదని గాదు."

"గాదు."

"లేదని గూడ గాదు."

దుకాణానికి ఎవరో వస్తే వీరేందర్ లేచి మక్కల సంచి చూపించాడు. వాళ్ళు పోయినంక వచ్చి, మెల్లగా, "అది సారుకే ఎరుక" అన్నాడు.

వేరే మనిషైతే కోపం లేదులే అని ఒక మాట అనేవాడు. వీడు తమ్ముడి దగ్గర చదువుకున్నవాడు.

7 నవంబర్

జొన్నరొట్టె చేశాను. అట్టలాగా వచ్చింది. తెల్లారుతుంటే వాగు ఒడ్డుకు పోయి ముక్కలు వేశాను. ఒక్క కాకి రాలేదు. కుక్క వచ్చి తిన్నది.

నా కోసం కాదు. రేపు ఊళ్ళో ఎవరైనా పోతే వాళ్ళ ఇంటివాళ్ళు పరేషాన్ కావద్దు. మొదలుపెట్టింది మా ఇంటి మనిషి. నడమన వదిలేస్తే మా ఇంటికే పేరు.

10 నవంబర్

తుమ్మచెట్టు మీద మూడు కూర్చున్నాయి. నేను తిరిగి నడిచి గట్టు ఎక్కాక దిగాయి.

15 నవంబర్

కొంరెల్లి కనబడ్డాడు. మా వీధి చివర ఉంటాడు, తాళ్ళెక్కి కల్లు గీసే మనిషి. మోకు భుజానేసుకుని ఆ దారినే పోతాడు. ఆగి చూశాడు.

"పెద్దయ్యా, నీకు పెట్టేటోళ్ళు లేరని ఇప్పటి నుంచే దోస్తాని చేస్తున్నవా?"

"నీకు గూడ కలిపే చేస్తున్న పోరా."

"నాకు రొట్టె పెట్టకు. కల్లు పెట్టు."

నవ్వుకుంటూ పోయాడు. ఊళ్ళో ఒక్క మనిషి నాతో నవ్వి చాలా రోజులైంది. తమ్ముని కోపం తీర్చడానికి లస్మయ్య కాకులను బతిమిలాడుకుంటున్నాడు అని అందరూ అంటున్నారని వాడే చెప్పాడు. చెప్పి, "అననియ్యి" అన్నాడు.

22 నవంబర్

మోకాలు లేవనీయలేదు. అయినా పోయాను. వాడి ఎడమ చెవి గురించి ఆలోచిస్తున్నాను. చవితినాడు వాడు ఏ పక్కన కూర్చున్నాడు? నాకు కుడి పక్క. అంటే నా దిక్కు ఉన్నది చెవుడు చెవి. నేను రాను అన్నది సరిగా వినకపోయి ఉండవచ్చు.

విన్నాడు. ఒక్క దినమే అన్నా అని మళ్ళీ అడిగాడు కదా.

1 డిసెంబర్

రొట్టె ఇప్పుడు బాగా వస్తున్నది. కాకులు ముందే వచ్చి చూస్తున్నాయి. ఒకటి మరీ తొందరపడి నా చెప్పు పొడిచింది.

12 డిసెంబర్

కొంరెల్లి తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. మోకు తెగింది. జనగామ దవాఖాన దాకా కూడా పానం నిలువలేదు.

పొద్దున వాగు దగ్గర నాకు కనబడి, "ఇయ్యాల సద్ది లేదు పెద్దయ్యా, ఇంట్ల కొట్లాట" అన్నాడు. నేను రొట్టె ముక్క ఇయ్యబోతే, కాకుల ఎంగిలి నాకెందుకు అన్నాడు.

14 డిసెంబర్

కొంరెల్లికి ఇవాళ పిట్టకు పెట్టారు.

వాడి పెండ్లాం కౌసల్య రెండు రోజుల నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. కొట్లాడి సద్ది కట్టకుండా పంపాను, ఆకలికి కళ్ళు తిరిగి పడ్డాడు, నేనే చంపుకున్నాను అని ఒకటే మాట. వాగు ఒడ్డుకు ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టి తీసుకొచ్చారు. అత్త ఆమె దిక్కు చూడటం లేదు. పిట్ట ముట్టకపోతే ఆ పిల్ల బతుకు ఆ ఇంట్లో ఎట్ల ఉంటదో నాకు తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు.

విస్తరి వేశారు. కల్లు పోసి పెట్టారు. డప్పు కొడుతున్నారు.

"డప్పు బంద్ చెయ్యండ్రి" అన్నాను.

"అదెట్ల పెద్దయ్యా, రివాజు గద."

"బంద్ చెయ్యమన్న. అందరు గట్టు దాటి పోండ్రి. అవతలికి."

"నీకేం తెల్సు? నీ తమ్మునిదే ముట్టలే" అన్నాడు కొంరెల్లి మేనమామ. అందరి ముందే అన్నాడు.

"అవును, ముట్టలే. గందుకే చెప్తున్న. నడువుండ్రి."

నడిచారు. నేను అందరికన్నా వెనక నడిచాను, రోజూ నడిచినట్టే. గట్టు ఎక్కి తిరిగేలోపల రెక్కల చప్పుడు అయింది. ఒకటి కాదు, మొత్తం గుంపు. మాట ఇయ్యకముందే ముట్టాయి.

కౌసల్య కూలబడిపోయింది. అత్త పోయి ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. కాసేపటికి కౌసల్య లేచి నా దగ్గరికి వచ్చింది. ఎందుకు నా దగ్గరికే వచ్చిందో తెలియదు.

"పెద్దయ్యా, ఆయనకు నా మీద కోపం లేకుండె" అన్నది.

వీరేందర్ చెప్పిన తొమ్మిదో తరగతి ముచ్చట గుర్తుకు వచ్చింది. అవును, చేసిన అని తమ్ముడు నవ్వకుండా ఎట్ల అన్నాడో ఇప్పుడు తెలిసింది.

"లేదు బిడ్డా" అన్నాను. "పోయి ఇంత తిను."

తిన్నదట. సాయంత్రం వాళ్ళ ఇంటి నుంచి నాకు కూడా కూర పంపారు.

ఇంత మందిని మనసు కుదుటపరిచి ఇంటికి సాగనంపినవాడు తమ్ముడు. వాడు పోయినప్పుడు మాకు ఆ పని చేయడానికి ఎవరూ లేరు. ఇక నాకు ఎవరు చేసినా పనికిరాదు. నాకు సంగతి తెలిసిపోయింది.

15 డిసెంబర్

రొట్టె వేశాను. కాకులు తిని పోయాయి. నేల మీద ఒక్క ముక్క మిగలలేదు. ఆ రోజు అనని మాట అప్పుడు అన్నాను. చెట్టు మీద ఎవరూ లేరు, గట్టు మీద ఎవరూ లేరు. దిగేదీ లేదు, ముట్టేదీ లేదు.

"తమ్మీ, రేపు పోత" అన్నాను.

16 డిసెంబర్

జనగామ పోయాను. సమ్మె అయిపోయినా టెంటు ఉన్నది. రోజుకు కొందరు వంతులేసుకుని కూర్చుంటున్నారు. పొద్దెక్కి పోయానని రాజేశ్ గడియారం చూశాడు.

"తొవ్వల బస్సు ఆగిందా పెద్దయ్యా?"

"నాకు పొద్దుగాల పనుంటది. గిట్లనే వస్త."

తమ్ముడు టెంట్లోనే పడుకుని పొద్దున్నే వాగుకు పోవుడు మానుకున్నాడు. ఆ తప్పు నేను చెయ్యను.

మెడలో దండ వేయబోతే వద్దన్నాను. మైకు ఇచ్చి అరవై తొమ్మిది గురించి చెప్పమన్నారు. "మీ పెద్దోళ్ళు మల్ల అమ్ముకుంటరు, చూసుకోండ్రి" అని మైకు తిరిగి ఇచ్చేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో.

చాప మీద కూర్చున్నాను. ఎండ టెంటు గుడ్డలోంచి పచ్చగా పడింది. వాడు వంగిన చోటు ఎక్కడో అడుగుదామనుకున్నాను, అడగలేదు. వాడికి నా మీద కోపం ఉన్నదో లేదో తెలియదు. ఇక తెలియదు. తెలియకుండానే సాయంత్రం దాకా కూర్చుని వచ్చాను.

వాడు అడిగింది ఒక్క దినమే. రేపు మళ్ళీ పోతాను.